కణత మీద పోటుగా వచ్చే నొప్పి: తలనొప్పి అనుకున్నది నరం నొప్పి కావచ్చునా?

ప్రశ్న: మూసీ ఒడ్డు

మా అమ్మగారికి 58 సంవత్సరాలు. నల్గొండ జిల్లాలో మా ఊళ్లోనే నాన్నగారితో ఉంటారు. నేను ఉద్యోగరీత్యా పుణెలో ఉంటాను. ఏడు నెలలుగా ఆమెకు తలకు కుడి పక్కన, కనుబొమ నుంచి కణత వరకు నొప్పి వస్తోంది. ఫోనులో ఎప్పుడు అడిగినా "తలనొప్పేరా, రోజంతా ఉంటోంది" అనే మాట తప్ప మరొకటి చెప్పరు. డాక్టర్ల దగ్గర కూడా అదే మాట చెప్పినట్లున్నారు, ఎందుకంటే ఇంతవరకు జరిగిన వైద్యమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ముందు కళ్లద్దాలు మార్చారు. తరువాత సైనస్ అని రెండు విడతలు యాంటీబయాటిక్ ఇచ్చారు. మధ్యలో కుడివైపు పై దవడలోనూ నొప్పి తగులుతోందంటే ఒక పన్ను తీసేశారు. పది రోజులు బాగున్నట్లే ఉండి మళ్లీ మొదలైంది. చివరగా చూసిన డాక్టరు పార్శ్వపు తలనొప్పి, అంటే మైగ్రేన్ అని చెప్పి, రాత్రిపూట ఫ్లునారిజిన్, నొప్పి ఉన్నప్పుడు నాప్రోక్సెన్ రాశారు. తలకు సీటీ స్కాన్ తీయిస్తే ఏ లోపమూ లేదని వచ్చింది.

దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు నేను గమనించిన విషయాలు ఈ వైద్యంతో పొసగడం లేదు. ఉదయం ముఖం కడుక్కునేటప్పుడు ఆమె ఎడమ చేత్తో ఎడమవైపు మాత్రమే కడుక్కుని, కుడివైపు తడిబట్టతో పైపైన అద్దుకుంటున్నారు. బొట్టు పెట్టుకోబోయి చెయ్యి మధ్యలో ఆపేసి, కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా నిలబడతారు. ఉక్కపోస్తున్నా ఫ్యాను వేయనివ్వరు. బస్సులో కిటికీ పక్కన కూర్చోరు. ఇవన్నీ తలనొప్పి ఉన్నవారు చేసే పనులేనా అని నాకు అనుమానం వచ్చింది.

ముఖానికి సంబంధించిన నరం నొప్పి తలనొప్పిలా కనిపించే అవకాశం ఉందా? ఉంటే దాన్ని ఏ పరీక్షతో తేలుస్తారు? ఏ డాక్టరుకు చూపించాలి? అనుభవం ఉన్నవారు, వైద్యవృత్తిలో ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు: పాతకాపు

బాబూ, మీ అమ్మగారు ముఖం కడుక్కునే తీరు చదివాక నా ఆరేళ్ల కిందటి రోజులు గుర్తొచ్చాయి. నేను తెనాలిలో స్థిరపడిన రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి, వయసు 66. నాకు వచ్చినది ఎడమ దవడకు. అప్పట్లో నేను సగం ముఖానికే గడ్డం గీసుకుని తిరిగేవాణ్ణి. రెండో సగం మీద బ్లేడు ఆనితే ప్రాణం పోయినంత పనయ్యేది. నాకు రెండు పళ్లు పోయాయి, మూడోది పోబోయే ముందు ఒక న్యూరాలజిస్టు చేతిలో పడ్డాను.

ఆయన మొదట అడిగిన ప్రశ్న "నొప్పి ఎంతసేపు ఉంటుంది?" అని. నేను "రోజంతా" అన్నాను. ఆయన నవ్వకుండా, విసుక్కోకుండా, "ఒక్క పోటు మొదలై ఆగేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి, అప్పుడు చెప్పండి" అన్నారు. అక్కడే, ఆయన గదిలోనే, మంచినీళ్లు ఒక గుక్క తాగితే పోటు వచ్చింది. పన్నెండు లెక్కపెట్టేసరికి ఆగిపోయింది. అంటే పన్నెండు సెకండ్లు ఉండే నొప్పి రోజుకు యాభై సార్లు వస్తుంటే నేను దాన్ని రోజంతా ఉండే నొప్పిగా చెబుతూ వచ్చాను. పోటుకూ పోటుకూ మధ్య నొప్పి లేకపోయినా, మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయం ఉంటుంది కదా, ఆ భయం కూడా నా లెక్కలో నొప్పి కిందకే చేరిపోయింది. అంతకుముందు చూసిన నలుగురు డాక్టర్లూ నన్ను సరిగ్గా అడగలేదని ఇన్నాళ్లూ కోపంగా ఉండేది. నిజానికి నేను చెప్పిన "రోజంతా" అనే మాట వాళ్లను దారి తప్పించిందని ఇప్పుడు అనుకుంటాను.

కాబట్టి అమ్మగారిని ఎన్నాళ్ల నుంచి ఉంది అని కాకుండా, ఒక్కొక్క పోటు ఎంతసేపు ఉంటోంది అని అడగండి. ఫోనులో అడిగితే చెప్పలేరు. నాన్నగారిని పక్కన కూర్చుని గడియారం చూడమనండి.


జవాబు: మోకాలిసుత్తి

నేను న్యూరాలజీ చదువుకుని విశాఖపట్నంలో పనిచేస్తున్నాను. ఇక్కడ రాసిన మాటలను బట్టి జబ్బు పేరు చెప్పడం సరికాదు కనుక చెప్పను. ఏ ప్రశ్న ఎందుకు అడగాలో మాత్రం వివరిస్తాను.

ముందుగా పేరు గురించి. తెలుగులో మనం ముఖ నరాల నొప్పి అంటున్నాం గానీ, వైద్యులు ముఖ నరం అని పిలిచే ఏడవ కపాల నరానికి ఈ నొప్పితో సంబంధం లేదు. అది ముఖ కండరాలను కదిలించే నరం. అది దెబ్బతింటే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు. ముఖం మీది స్పర్శను, నొప్పిని మోసేది ఐదవదైన ట్రైజెమినల్ నరం. దానికి మూడు కొమ్మలు. మొదటిది నొసలు, కన్ను, తల ముందుభాగం. రెండవది చెంప, ముక్కు పక్క, పై పెదవి, పై పళ్లు. మూడవది కింది దవడ, కింది పళ్లు, చెవి ముందు నుంచి కణత మీదకు వెళ్లే కొంత భాగం. మెదడు పొరల నుంచి నొప్పిని మోసేది కూడా ప్రధానంగా ఈ నరమే కాబట్టి మైగ్రేన్ నొప్పి సైతం ఇదే దారిలో ప్రయాణిస్తుంది. నొసలు, కణత రెండు జబ్బులకూ ఉమ్మడి స్థలాలు కావడం వల్ల, "ఇక్కడ నొప్పి" అని చెయ్యి పెట్టి చూపించినంత మాత్రాన ఏది ఏమిటో తేలదు. నొప్పి ఉన్న చోటు కంటే అది ఉండే వ్యవధి, దాన్ని రేపే కారణం ఎక్కువ చెబుతాయి.

వ్యవధి విషయంలో పాతకాపు గారు చెప్పినది అక్షరాలా నిజం. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణ మూడవ కూర్పు ప్రకారం ట్రైజెమినల్ న్యూరాల్జియాలో, అంటే ఆ నరం నొప్పిలో, ఒక్కొక్క పోటు సెకండులో కొంత భాగం నుంచి రెండు నిమిషాల వరకు ఉంటుంది, ముఖానికి ఒకవైపే వస్తుంది, కరెంటు షాకులా లేదా పొడిచినట్లు ఉంటుంది, మామూలుగా నొప్పి పుట్టించని స్పర్శతో రేగుతుంది. మైగ్రేన్ మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది. వాంతి వచ్చినట్లుండడం, వెలుతురును, శబ్దాన్ని భరించలేకపోవడం దానితోపాటు వస్తాయి. ఈ రెండింటి నడుమ మరికొన్ని ఉన్నాయి. క్లస్టర్ తలనొప్పి కంటి చుట్టూ 15 నుంచి 180 నిమిషాలు భరించలేనంతగా వస్తుంది, కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, రోగి ఒకచోట కూర్చోలేక పచార్లు చేస్తాడు. మైగ్రేన్ రోగి చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనుకుంటాడు. ఇండోమెథసిన్ అనే మందుకు పూర్తిగా లొంగే పరాక్సిస్మల్ హెమిక్రేనియా 2 నుంచి 30 నిమిషాలు ఉంటుంది. ఒక సెకండు నుంచి పది నిమిషాల దాకా, కంట్లో నీరు లేదా ఎరుపుతో వచ్చే సుంక్ట్, సునా అనే రకాలు అరుదైనవే అయినా, నొసటి మీద వచ్చే చిన్న పోట్ల విషయంలో వాటిని మరిచిపోకూడదు. ట్రైజెమినల్ న్యూరాల్జియాలో చాలామందికి ఒక పోటు వచ్చిపోయాక కాసేపు ఎంత తాకినా మళ్లీ రాదు. సుంక్ట్‌లో ఆ విరామం సాధారణంగా ఉండదు. మందు కూడా వేరు: మొదటిదానికి కార్బమజెపిన్, రెండవదానికి ఎక్కువగా లామోట్రిజిన్.

మీ వివరణలో నన్ను ఆకర్షించినవి ఫ్యాను గాలి, బస్సు కిటికీ, బొట్టు. మెత్తని స్పర్శకు, గాలికి రేగే నొప్పి నరం వైపు చూపిస్తుంది. నన్ను కొంచెం ఆపుతున్నది కనుబొమ. నొప్పి మొదటి కొమ్మలో మాత్రమే ఉండే ట్రైజెమినల్ న్యూరాల్జియా నూటికి ఐదుగురికంటే తక్కువ. అలాంటప్పుడు వేరే కారణాలను ముందు వెతకాలి. కాబట్టి పోటు తగిలే చోటే కాదు, మొదలయ్యే చోటు కూడా అడగండి. మెరుపు ఎక్కడ పడిందో అందరూ చెబుతారు, ఎక్కడ మెరిసిందో అడిగితే గాని చెప్పరు.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకోవాలి, ఇందులో ఆలస్యం పనికిరాదు. 50 ఏళ్లు దాటినవారికి కొత్తగా కణత నొప్పి వచ్చిందంటే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే రక్తనాళాల వాపు కాదని నిశ్చయించుకోవాలి. మన దేశంలో అది తక్కువే గానీ, నిర్లక్ష్యం చేస్తే చూపు శాశ్వతంగా పోవచ్చు. తల దువ్వుకుంటే మాడు నొప్పి, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, బరువు తగ్గడం, సన్నని జ్వరం ఉన్నాయేమో చూడండి. నమలడం గురించి ప్రత్యేకంగా అడగండి. నరం నొప్పి అయితే మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే షాకు కొడుతుంది. రక్తనాళాల వాపు అయితే నమిలేకొద్దీ దవడ లాగుతూ బరువెక్కి, ఆపితే తగ్గుతుంది. ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రెండు రక్తపరీక్షలు మీ ఊరికి దగ్గరి పట్టణంలోనే రేపే చేయించవచ్చు. చూపులో ఏ మాత్రం తేడా ఉన్నా పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

గత ఏడాదిలో నొసటి మీద గాని, కంటి చుట్టూ గాని అక్కి, అంటే సర్పి లేచిందేమో కూడా కనుక్కోండి. పొక్కులు మానిన తరువాత ఆ చోట నెలల తరబడి మిగిలే మంట, పోటు వేరే జబ్బు. పల్లెల్లో అక్కి రాయించుకుని తగ్గిందనుకుని డాక్టరుకు ఆ సంగతి చెప్పనివారు ఉంటారు.

ఏ పరీక్షతో తేలుస్తారని అడిగారు. ట్రైజెమినల్ న్యూరాల్జియాను ఉందని చెప్పే రక్తపరీక్ష గాని, స్కాన్ గాని లేదు. రోగి చెప్పిన కథతోనే నిర్ధారిస్తారు. ముఖం మీద మూడు కొమ్మల పరిధిలో స్పర్శ సమానంగా ఉందా, దూదిపోగుతో నల్లగుడ్డును తాకితే రెప్ప వాలుతుందా అని వైద్యుడు చూడాలి. స్పర్శ తగ్గి ఉంటే నరాన్ని గడ్డ గాని, మెదడు, వెన్నుపాములలో నరాల పైపొరను పాడుచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు గాని దెబ్బతీస్తోందేమోనన్న అనుమానం బలపడుతుంది. దాదాపు నూటికి పదిహేను మందిలో అలాంటి మూలకారణం దొరుకుతుంది కనుకనే అందరికీ ఎంఆర్ఐ అవసరం. సీటీలో ఏమీ లేదన్న మాట ఇక్కడ సరిపోదు, ఆ నరం సీటీలో సరిగా కనిపించదు. ఎంఆర్ఐ రాయించేటప్పుడు ట్రైజెమినల్ నరం కోసం పలుచని పొరల సీక్వెన్స్ తీయమని కాగితం మీద స్పష్టంగా రాయాలి. వట్టిగా "తలనొప్పి" అని రాస్తే మామూలు ఎంఆర్ఐ తీసి పంపిస్తారు, మళ్లీ ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుంది.

చివరగా, నాప్రోక్సెన్ నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారో లెక్క రాయండి. ఈ లెక్క ఎందుకో తరువాత చెబుతాను.


జవాబు: చిగురు

దంతవైద్యురాలిని. తీసేసిన పన్ను గురించి ఒక విషయం చెప్పాలి. పన్ను తీశాక పది రోజులు బాగుందంటే పన్నులోనే తప్పు ఉందని చాలామంది అనుకుంటారు. అది నిలిచే వాదన కాదు. నరం నొప్పిని రేపే చోటు ఆ చిగురు దగ్గర ఉంటే, మేమిచ్చే మత్తు సూది కూడా పోటును తాత్కాలికంగా ఆపుతుంది. పైగా ఈ జబ్బు తనంతట తానే కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుంది. అందువల్ల మత్తుకు తగ్గింది కాబట్టి పన్నుదే నొప్పి అనడానికి లేదు.

అయితే పంటి నొప్పిని కొట్టిపారేయకూడదు. పన్ను లోపలి గుజ్జు వాచితే చల్లని నీటికి మొదలైన సలుపు నీళ్లు మింగేసిన తరువాత కూడా నిమిషాల తరబడి సాగుతుంది, రాత్రి నిద్రలోంచి లేపుతుంది. చీలిన పన్ను కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటుంది, దాని ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఎక్స్‌రేలోనూ, తట్టి చూసినప్పుడూ తప్పు దొరకని పన్నును మాత్రం, రోగి ఎంత బతిమాలినా తీయకూడదు. బతిమాలతారు కూడా, ఆ బాధ అలాంటిది.


జవాబు: గుంటూరు కారం

అందరూ ముఖం దగ్గరే ఆగిపోయారు. నాకు రెండేళ్లపాటు కుడి కంటి వెనుక నొప్పి వస్తే కళ్లకు, సైనస్‌కు, మైగ్రేన్‌కు వరుసగా మందులు వాడాను. చివరకు తేలింది మెడ వెనుక, పుర్రె అడుగున ఉండే ఆక్సిపిటల్ నరం నొప్పి అని. డాక్టరు గారు అక్కడ బొటనవేలితో నొక్కగానే నడినెత్తి మీదుగా కంటి వెనుకకు జివ్వున పాకింది. ఆ చోటే మత్తు సూది వేస్తే అరగంటలో కంటి నొప్పి మాయమైంది. తల దిండు మీద ఆనించలేకపోతున్నారా అని అమ్మగారిని అడగండి. కనుబొమ దగ్గర ఎముకలో చిన్న గాడి ఉంటుంది, అక్కడి నరం కూడా ఇలాగే నొప్పెట్టవచ్చునని ఆ డాక్టరు గారే చెప్పారు.


జవాబు: మోకాలిసుత్తి

గుంటూరు కారం గారు గుర్తుచేసినది సరైన విషయం. మెడ పైభాగపు నరాలు, ట్రైజెమినల్ నరం మెదడు కాండం దిగువన ఒకే కేంద్రంలో కలుస్తాయి కనుక మెడలో పుట్టిన నొప్పి కంటి వెనుక తగలడం వింత కాదు. కనుబొమ గాడిలోని నరం నొప్పిలో ఆ గాడి మీద నొక్కితే నొప్పి వస్తుంది, అక్కడ మత్తు సూది వేస్తే తగ్గుతుంది. ట్రైజెమినల్ న్యూరాల్జియాలో గట్టిగా నొక్కడాన్ని ఓర్చుకునే రోగి దూది తగిలితే ఓర్చుకోలేకపోవచ్చు. ఈ తేడా గమనించదగినది.


మూసీ ఒడ్డు (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. మరునాడే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించాం: ఈఎస్‌ఆర్ 22, సీఆర్‌పీ మామూలుగా ఉంది. చూపులో తేడా లేదు, బరువు తగ్గలేదు, అక్కి ఎప్పుడూ రాలేదు. నమిలేకొద్దీ దవడ లాగడం లేదు; మొదటి ముద్ద దగ్గరే అదిరిపడతారు.

నాన్నగారు పద్నాలుగు రోజులు గోడ గడియారం కింద కూర్చుని పాత క్యాలెండరు వెనుక లెక్క రాశారు. రోజుకు పదిహేను నుంచి ముప్ఫై పోట్లు. ఎక్కువ భాగం ఐదు నుంచి ఇరవై సెకండ్లు, ఒక్కటి మాత్రం నలభై దాకా వెళ్లింది. రాత్రి నిద్రలో రాలేదు. బాగా తీవ్రంగా వచ్చినప్పుడు కంట్లో కొంచెం తడి కనిపించింది, ఎరుపు లేదు. వరుసగా రెండు వచ్చాక కాసేపు ముఖం తాకినా రాలేదట.

మొదలయ్యే చోటు గురించి అడిగితే మొదట కనుబొమే చూపించారు. తరువాత నాన్నగారు ఒక మాట అన్నారు: "మీ అమ్మ ముక్కుపుడక తీసేసి ఐదు నెలలైంది." ముప్ఫై ఏళ్లుగా తీయని కుడి ముక్కుపుడకను ఎందుకు తీశారని అడిగితే, "పట్టుకుంటోంది, తుడుచుకుంటే తలలోకి కొడుతోంది" అన్నారు. ముక్కు పక్కన, పై పెదవి మీద తాకితే పోటు పుట్టి కంటి పక్క నుంచి కనుబొమ మీదకు ఎగబాకుతోంది. పైన తగులుతోంది కాబట్టి దాన్ని ఆమె తలనొప్పి అంటున్నారు. ఏడు నెలలలో ముక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు, ముక్కు నొప్పి కాదు కదా అన్నది ఆమె ఉద్దేశం.

నాప్రోక్సెన్ లెక్క చూస్తే గత నాలుగు నెలలుగా నెలకు ఇరవై రెండు రోజులకు తగ్గలేదు. పోట్లు కాకుండా ఉదయం లేచేసరికి తలంతా, రెండువైపులా, పట్టేసినట్లు ఉండే మందపు నొప్పి ఒకటి ఉందని, అది మధ్యాహ్నం దాకా ఉంటుందని కూడా ఇప్పుడే చెప్పారు. ఇది దేనికి చెందుతుందో అర్థం కాలేదు.


జవాబు: మోకాలిసుత్తి

మీ నాన్నగారి క్యాలెండరు చాలా స్కాన్‌ల కంటే విలువైనది. న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు దాన్నే తీసుకువెళ్లండి.

ఇక్కడ రెండు నొప్పులు ఒకే పేరుతో కలిసిపోయినట్లు నాకు కనిపిస్తోంది. ముక్కు పక్క నుంచి కనుబొమకు ఎగబాకేది రెండవ కొమ్మలో మొదలై మొదటి కొమ్మలోకి వెళుతోంది. ముక్కు, పెదవి చుట్టూ ఉండే స్పర్శకు రేగడం, సెకండ్లలో ముగియడం, తరువాత కాసేపు విరామం ఉండడం ట్రైజెమినల్ న్యూరాల్జియాకు సరిపోతాయి. కనుబొమ మాత్రమే అనుకున్నప్పుడు నాకు కలిగిన సందేహం ముక్కుపుడకతో చాలావరకు తీరింది. కంట్లో కొంచెం తడి తీవ్రమైన పోటులో కనిపించవచ్చు. అది పెరిగి, ఎరుపుతో కలిసి వస్తే నిర్ధారణను మళ్లీ ఆలోచించాలి.

ఉదయం రెండువైపులా ఉండే మందపు నొప్పి గురించి నా అనుమానం మాత్రలమీద ఉంది. మూడు నెలలకు మించి, నెలలో 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువ రోజులు మామూలు నొప్పి మాత్రలు వాడితే, ఆ వాడకమే తలనొప్పిని నిలబెడుతుంది. మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు, కలగలుపు మాత్రలు అయితే 10 రోజులే చాలు. ముందునుంచి తలనొప్పి ఉన్నవారిలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది కనుక మైగ్రేన్ ఆమెకు ఎన్నడూ లేదని కూడా నేను అనను. ట్రైజెమినల్ న్యూరాల్జియాలోనే పోట్ల మధ్య ఎడతెగని సన్నని నొప్పి ఉండే రకం ఒకటి ఉంది గాని, అది పోటు వచ్చే వైపే ఉంటుంది, రెండువైపులా కాదు. నాప్రోక్సెన్ నరం పోటును ఆపలేదు. ఇరవై సెకండ్ల నొప్పికి వేసుకున్న మాత్ర కడుపులో కరిగేలోపే పోటు దానంతట అది పోతుంది, రోగి మాత్ర వల్ల పోయిందనుకుని మరునాడు మళ్లీ వేసుకుంటాడు. ఈ పద్ధతిలో ఏర్పడిన రెండవ నొప్పి గంటల తరబడి ఉంటుంది కాబట్టి మొదటి నొప్పి దాని వెనుక దాగిపోతుంది. మైగ్రేన్ అన్న డాక్టరు బహుశా ఆ రెండవ నొప్పి గురించే విన్నారు.

న్యూరాలజిస్టు కార్బమజెపిన్ మొదలుపెడతారని అనుకుంటున్నాను. మూర్ఛకోసం వచ్చిన ఈ మందు ట్రైజెమినల్ నరం నొప్పికి పనిచేస్తుందని 1962 నుంచే తెలుసు, నేటికీ మొదటి వరుసలో ఉన్నది ఇదే; దీనికి దగ్గరిదైన ఆక్స్‌కార్బజెపిన్ మరొకటి. కార్బమజెపిన్‌కు తగ్గింది కాబట్టి జబ్బు అదేనని తిరగేసి చెప్పడం మాత్రం సరికాదు, ఇతర నొప్పులూ కొంత తగ్గవచ్చు. మొదలుపెట్టేముందు హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యుపరీక్ష గురించి అడగండి. ఆ జన్యురూపం ఉన్నవారికి ఈ మందుతో ఒళ్లంతా చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆసియా మూలాలు ఉన్నవారికి ముందుగా ఈ పరీక్ష చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో సూచించింది. పరీక్షలో లేదని వచ్చినా, మొదటి రెండు మూడు నెలల్లో దద్దురు, నోటిపూత, జ్వరం ఏది కనిపించినా మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. రక్తంలో సోడియం తగ్గడం, తల తిరగడం పెద్దవారిలో తరచుగా చూస్తాం. బీపీ కోసం నీరుమాత్ర వాడుతుంటే సోడియం సంగతి మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.


మూసీ ఒడ్డు (మరో రెండు నెలలకు)

హైదరాబాదులో న్యూరాలజిస్టుకు చూపించాం. ఆయన క్యాలెండరు రెండు సార్లు చదివి, దూదితో ముఖం పరీక్షించి, స్పర్శ సమానంగా ఉందన్నారు. పలుచని పొరల ఎంఆర్ఐలో ఒక ధమని కుడి ట్రైజెమినల్ నరాన్ని, అది మెదడు కాండంలోకి చేరే చోటికి దగ్గరగా ఒరుసుకుంటూ ఉందని, గడ్డలు గాని, మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలు గాని లేవని వచ్చింది. రిపోర్టు చూసి మేము అదే కారణం అని గట్టిగా అనుకుంటుంటే, నొప్పి ఏమీ లేనివారిలో కూడా ఇలాంటి తాకిడి కనిపిస్తుందని, నరం నొక్కుకుపోయి రూపం మారితేనే దానికి బలం ఎక్కువని ఆయన చెప్పారు. అమ్మకు నరం కొంచెం పలుచబడి ఉందట. చీటీ మీద రెండు పేర్లు రాశారు: ట్రైజెమినల్ న్యూరాల్జియా, మందుల అతివాడకపు తలనొప్పి.

జన్యుపరీక్షలో ఆ రూపం లేదని వచ్చాక కార్బమజెపిన్ 100 మిల్లీగ్రాములతో రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు. నాప్రోక్సెన్ పూర్తిగా ఆపించారు. ఆపిన మొదటి పది రోజులు మందపు నొప్పి ఎక్కువై, నాన్నగారు నాకు రోజూ ఫోను చేసి "ఈ కొత్త డాక్టరు కూడా తప్పే చెప్పాడేమో" అన్నారు. మూడో వారానికి అది వారానికి ఒకటి రెండు రోజులకు వచ్చింది. పోట్లు రోజుకు మూడు నాలుగు అయ్యాయి, గత పన్నెండు రోజులుగా ఒక్కటీ లేదు. ముఖం రెండు చేతులతో కడుక్కుంటున్నారు. ఫ్యాను మాత్రం ఇప్పటికీ వేయనివ్వడం లేదు. మొన్న సోడియం 138 నుంచి 131కి పడింది, మందు మోతాదు ఇక పెంచకుండా ఆపారు. నొప్పి లేదు కాబట్టి మందు మానేస్తానని అమ్మ పట్టుబడుతున్నారు. ఏం చెప్పాలి?


జవాబు: పాతకాపు

నేనూ అలాగే మానేశాను. నాలుగు నెలలు ఏమీ లేదు. అయిదో నెలలో మా తమ్ముడి కూతురి పెళ్లిలో పప్పన్నం మొదటి ముద్దకే పీటల ముందు కూలబడ్డాను. మళ్లీ అదుపులోకి రావడానికి మునుపటికంటే ఎక్కువ మందు పట్టింది. ఆమెకు నా సంగతి చెప్పండి, డాక్టర్ల మాట కంటే అది ఎక్కువ పనిచేయవచ్చు.


జవాబు: మోకాలిసుత్తి

ఈ జబ్బులో నెలలు, ఒక్కొక్కసారి ఏళ్లు నొప్పి లేకుండా గడిచే కాలాలు ఉంటాయి కనుక మందు తగ్గించే ఆలోచన తప్పు కాదు. కొన్ని వారాలు పోటు లేకుండా గడిచాక, డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం, మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపకూడదు. మందు పనిచేయడం మానేసినా, సోడియం వల్లగాని మగత వల్లగాని తట్టుకోలేకపోయినా, నరానికీ ధమనికీ మధ్య చిన్న మెత్త పెట్టే శస్త్రచికిత్స ఉంది. అమ్మగారి వయసు, ఎంఆర్ఐ దానికి అడ్డు కాదు, అయితే ఇప్పుడే దాని గురించి కంగారు పడే అవసరం లేదు. ప్రస్తుతానికి 131ని చిన్నచూపు చూడకండి. వారంలో సోడియం మళ్లీ చేయించండి, ఈలోపు మగతగా ఉన్నా, మాట తడబడినా, నడకలో తూలినా అదే రోజు చూపించండి. క్యాలెండరు వెనుక లెక్క రాయడం నాన్నగారిని మానవద్దనండి.